రొయ్య పిల్లకి అడిగే ప్రశ్నలు రంగుచేపకి ఎందుకు అడగం?

రాత్రి పదకొండు దాటాక, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీ ముందు వ్యాన్లు వచ్చి ఆగేవి. భీమవరం నుంచి, గుడివాడ నుంచి, ఒక్కోసారి నెల్లూరు నుంచి కూడా. రైతు వ్యాన్ దిగి మొహం కడుక్కోకముందే మా నాన్న పక్కకి వచ్చి నిలబడేవాడు. ఇక ప్రశ్నలు మొదలు. తల్లి రొయ్య ఎక్కడి నుంచి తెచ్చారు? జబ్బు పరీక్ష చేసిన పీసీఆర్ రిపోర్టు ఏది? తెల్లమచ్చ జబ్బు లేదని రాసుందా? పిల్ల ఎన్నో రోజుది? ఉప్పు ఎంతకి దించారు? కవరుకి ఎన్ని వేస్తున్నారు? చెరువుకి చేరేసరికి ఎంత పోతుంది? సమాధానం నచ్చక ఖాళీ వ్యాన్‌తో వెనక్కి వెళ్లిపోయిన రైతుల్ని నేను చూశాను.

మా నాన్న ముప్పై ఏళ్లు ఆ ప్యాకింగ్ షెడ్డులోనే పనిచేశాడు. ఉప్పాడ దాటి తొండంగి వైపు వెళ్లే తీరం పొడుగునా హేచరీలే. బడి సెలవుల్లో రబ్బరు బ్యాండ్లు అందించడానికి నేనూ వెళ్లేవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇంతా చేస్తే ఆ పిల్ల ఖరీదు అర్ధ రూపాయి లోపే.

అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి, 2019లో హైదరాబాద్‌లో ఒక షాపులో 2,800 రూపాయలు పెట్టి ఒక సముద్రపు చేపని కొన్నాను. నేను అడిగిన ప్రశ్న ఒకటే.

"తింటోందా అన్నా?"

"మస్తు తింటది సార్."

అంతే. కవర్లో వేయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఐదో రోజు పొద్దున లైటు వేసేసరికి అది ట్యాంకు అడుగున పక్కకి ఒరిగి ఉంది.

దాని పేరు బంగ్గాయ్ కార్డినల్. వేలెడంత చేప. వెండి రంగు ఒంటి మీద మూడు నల్లటి నిలువు పట్టీలు, రెక్కల మీద తెల్ల చుక్కలు, రెండుగా చీలి వెనక్కి సాగిన తోక. మిగతా చేపల్లా హడావుడిగా తిరగదు, ఉన్నచోటే గాల్లో వేలాడదీసినట్టు నిలబడి ఉంటుంది. ఆ నిలకడ చూసే కొన్నాను. మొదటి రోజు మూలకి పోయి నిలబడింది. ఆర్టీమియా (మేతగా వేసే బుల్లి ఉప్పునీటి రొయ్యలు) వేస్తే నోట్లోకి తీసుకుని బయటికి ఊదేసింది. మూడో రోజుకి పొట్ట లోపలికి పోయింది, తల వెనక కండ కరిగి గీతలా కనపడసాగింది. నాలుగో రోజు రాత్రి మొప్పలు ఒకటే కొట్టుకుంటున్నాయి. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

షాపుకి ఫోన్ చేస్తే "మీ నీళ్లలో ఏదో తేడా ఉంది సార్" అన్నారు. నీళ్లు పరీక్ష చేశాను. అమ్మోనియా సున్నా, ఉప్పు సరిగ్గానే ఉంది, అదే నీళ్లలో రెండు క్లౌన్ చేపలు రెండేళ్లుగా బాగానే ఉన్నాయి. మరి ఇది ఎందుకు చచ్చిపోయింది? ఎవరు పట్టారో, ఎలా పట్టారో, ఎన్ని రోజులు తిండి లేకుండా ఉందో, ఎన్ని చేతులు మారిందో ఒక్క కాగితం ముక్క లేదు. రొయ్య పిల్ల చస్తే కారణం వెతకడానికి నాన్న దగ్గర రిజిస్టరు ఉండేది. ట్యాంకు నంబరు, ప్యాకింగ్ టైము, నీటి వేడి, వ్యాన్ బయల్దేరిన టైము అన్నీ అందులో ఉండేవి. పొద్దున రైతు ఫోన్ చేసి తిడితే నాన్న ఆ పేజీ తీసి చూసి "నిన్న నీళ్లు ఒక డిగ్రీ ఎక్కువున్నాయి" అని ఒప్పుకునేవాడు. 2,800 పెట్టిన నా చేపకి ఆ పేజీ లేదు. ఈ వ్యాసం ఆ పేజీ గురించే.

బంగ్గాయ్ అనేది ఒక చోటి పేరని నాకు చేప చచ్చిపోయాకే తెలిసింది. ఇండోనేషియాలో సులవేసికి తూర్పున ఉన్న దీవుల గుంపు అది. ఈ చేప సహజంగా పుట్టేది అక్కడే. 1933లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు దాదాపు ఎవరికీ గుర్తు లేదు. 1994లో జెరాల్డ్ ఆలెన్ అనే చేపల శాస్త్రవేత్త వెళ్లి చూసి వచ్చి లోకానికి చూపించాక అక్వేరియం వ్యాపారం దాని వెంట పడింది. పదేళ్లు తిరిగేసరికి ఏడాదికి లక్షల లెక్కన పట్టడం మొదలైంది. 2007లో ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. 2016లో అమెరికా తన చట్టం కింద ముప్పున్న జాతిగా ప్రకటించింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలోకి తేవాలని 2007లో ఒకసారి, 2016లో ఒకసారి ప్రతిపాదనలు వచ్చాయి. రెండుసార్లూ ఓటింగ్ దాకా వెళ్లకుండానే వెనక్కి తీసుకున్నారు.

లక్షల్లో పడితే సముద్రంలో చేపలు తగ్గిపోతాయా అని నాకూ అనుమానం వచ్చేది. చాలా సముద్రపు చేపల విషయంలో అంత తేలిగ్గా తగ్గవు. వాటి గుడ్లు, పిల్లలు వారాల తరబడి ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడో ఇంకో పగడాల దిబ్బ మీద స్థిరపడతాయి. ఒక దిబ్బ ఖాళీ అయితే ఇంకో దిబ్బ నుంచి పిల్లలు వచ్చి చేరతాయి. బంగ్గాయ్ కార్డినల్‌కి ఆ దశే లేదు. తల్లి పెట్టిన కొద్ది డజన్ల గుడ్లని తండ్రి నోట్లో పెట్టుకుంటాడు. మూడు వారాలకి పిల్లలవుతాయి. ఆ తర్వాత కూడా వారం పది రోజులు నోట్లోనే ఉంచుకుంటాడు. అన్ని రోజులూ దాదాపు పస్తే. ఆఖరికి పిల్లల్ని పొడుగు నల్ల ముళ్లుండే సీ అర్చిన్ల మధ్య వదిలేస్తాడు. అవి ఆ ముళ్ల నీడలోనే పెరుగుతాయి, అక్కడే ఉండిపోతాయి. పక్క దీవికి కూడా పోవు. అంటే ఒక చోట ఊడ్చేస్తే ఆ చోటు ఖాళీగానే ఉండిపోతుంది. దానికి తోడు ఆ అర్చిన్లనీ, పిల్లలు దాక్కునే సీ అనిమోన్లనీ (పువ్వుల్లా కనపడే సముద్రపు జీవులు) కూడా జనం ఏరుకుపోతున్నారు. చేపని పట్టడం ఒక దెబ్బ, ఇల్లు పీకేయడం ఇంకో దెబ్బ.

ఈ ఒక్క చేప సంగతి పక్కన పెట్టినా మొత్తం వ్యాపారం చిన్నదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగానికి చెందిన సంస్థ 2003లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా 2 కోట్ల నుంచి 2 కోట్ల 40 లక్షల సముద్రపు అలంకార చేపలు అమ్ముడవుతున్నాయి. మనకి తెలిసిన గోల్డ్ ఫిష్, గప్పీ లాంటి మంచినీటి చేపలు దాదాపు అన్నీ ఫారాల్లో పుట్టినవే. సముద్రపు చేపలు మాత్రం ఎక్కువ భాగం ఇప్పటికీ సముద్రంలోంచి పట్టినవే, అందులోనూ ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల నుంచి. షాపులో రెండూ పక్కపక్క ట్యాంకుల్లో ఉంటాయి. చూసేవాడికి తేడా తెలియదు.

పట్టే పద్ధతుల్లో సైనైడ్ గురించి చెప్పాలి. 1960ల్లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన పద్ధతి ఇది. సోడియం సైనైడ్ బిళ్లల్ని సముద్రపు నీళ్లలో కరిగించి ప్లాస్టిక్ సీసాలో పోసుకుని, పగడాల సందుల్లోకి పిచికారీ చేస్తారు. చేప మత్తు వచ్చి తూలుతుంది, చేత్తో పట్టేస్తారు. ఎక్కువ పడిన చేప అక్కడే చస్తుంది. తక్కువ పడింది మాత్రం తేరుకుంటుంది, షాపు దాకా వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల కాలేయం దెబ్బతిని ఉంటుంది. ఆ మందు తగిలిన పగడం రంగు కోల్పోతుంది, ఎక్కువైతే చచ్చిపోతుంది. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా రెండు దేశాల్లోనూ చట్టప్రకారం ఇది నిషేధం. అయినా ఆగలేదు. వల పట్టుకుని గంటసేపు ఒక చేప వెనక ఈదేవాడికీ, ఐదు నిమిషాల్లో సీసాతో పట్టేవాడికీ ఏజెంటు ఒకటే రేటు ఇస్తుంటే ఎలా ఆగుతుంది?

ఇక రవాణా. ఇది నాకు బాగా తెలిసిన సంగతి. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతా రెండొంతులు ఆక్సిజన్. మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు, దాని మీద ఇంకో కవరు, ఆ పైన థర్మాకోల్ పెట్టె. రొయ్య పిల్లకైనా, బంగ్గాయ్ చేపకైనా పద్ధతి ఇదే. నాన్న కవరు బిగించాక వేలితో ఒకసారి కొట్టి చూసేవాడు. డప్పులా మోగాలి. మోగకపోతే విప్పి మళ్లీ ఆక్సిజన్ పట్టేవాడు.

కవరు లోపల ఏం జరుగుతుందో కొనేవాళ్లు ఒకసారైనా తెలుసుకోవాలి. చేప ఊపిరి వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిసి పులుపు పెరుగుతుంది. చేప విసర్జించిన అమ్మోనియా కూడా పేరుకుంటుంది. నీళ్లు పులిసినంతసేపూ అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉండిపోతుంది. కవరు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, పులుపు తగ్గుతుంది, అదే అమ్మోనియా నిమిషాల్లో విషంగా మారుతుంది. ముప్పై నలభై గంటలు ప్రయాణం చేసి వచ్చిన కవరు విప్పి, "మెల్లగా అలవాటు చేద్దాం" అని అదే నీళ్లలో గంటసేపు చుక్కచుక్కగా కొత్త నీళ్లు కలిపితే, మంచి చేస్తున్నామనుకుంటూ చేప మొప్పల్ని కాల్చేస్తున్నట్టే. వేడి సరిపోగానే, ఉప్పు ముందే సరిచేసి ఉంచిన నీళ్లలోకి త్వరగా మార్చాలి. షాపు నుంచి ఇంటికి అరగంట ప్రయాణానికి ఇంత కంగారు అక్కర్లేదు. విమానం దిగి వచ్చిన పెట్టెల దగ్గర మాత్రం ఇది చావుబతుకుల సంగతి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆకలి లెక్క. ప్యాకింగ్‌కి ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపాలి, లేకపోతే కవర్లో నీళ్లు పాడవుతాయి. ఒక్కసారికైతే చేప తట్టుకుంటుంది. కానీ దీవిలో పట్టినవాడు ఒకసారి ఆపుతాడు. వాడి దగ్గర కొన్న ఏజెంటు ఇంకోసారి, ఎగుమతిదారు మరోసారి, ఇక్కడ దించుకున్నవాడు షాపుకి పంపేముందు ఇంకోసారి. ఎవరికి వారు చేసింది సరైన పనే. అన్నీ కలిపితే ఆ వేలెడు చేపకి వారాల తరబడి సరైన తిండి ఉండదు. నా ట్యాంకులో ఆర్టీమియాని ఊదేసిన చేప అన్నం మర్చిపోయిన చేప అని నా నమ్మకం. దారిలో చచ్చినవాటి ఖరీదు కూడా బతికి వచ్చినదాని మీదే వేస్తారు. అంటే నేనిచ్చిన 2,800లో నేనెప్పుడూ చూడని చేపల చావు ఖర్చు కూడా ఉంది.

ఇదంతా చదివాక ఒకసారి ఊరెళ్లినప్పుడు అమ్మకి చెప్పాను. అమ్మకి చెప్పడానికి కారణం ఉంది. 90ల మొదట్లో, హేచరీలు ఇంకా నిలదొక్కుకోనప్పుడు, టైగర్ రొయ్య పిల్లని ఉప్పుటేరులోంచే పట్టేవారు. అమ్మ ఆ పని చేసింది. వెదురు కర్రలకి దోమతెర గుడ్డ కట్టి, నడుం లోతు నీళ్లలో దాన్ని తోసుకుంటూ నడిచేది. గట్టుకి వచ్చి తెల్ల బేసిన్లో కుమ్మరించేది. నేను పక్కన కూర్చునేవాణ్ణి. తెల్లటి అడుగు మీద వెయ్యి ప్రాణాలు గిలగిలలాడేవి. అందులో టైగర్ పిల్ల నిటారుగా పుల్లలా ఉంటుంది, ఒంటి పొడుగునా ఎర్రమట్టి రంగు గీత. వాటిని చెంచాతో ఏరి డబ్బాలో వేసేది, లెక్క పెట్టుకుంటూ. వేరే రొయ్య పిల్లలు, పీత పిల్లలు, పేరు తెలియని చేప పిల్లలు మిగిలిన బేసిన్ని గట్టు మీద బోర్లించి మళ్లీ నీళ్లలోకి దిగేది. మధ్యాహ్నానికి ఆ గట్టు ఎండి, వెండి పొడి చల్లినట్టు మెరిసేది. చిన్నప్పుడు నాకది అందంగా కనపడేది.

అమ్మ నా మాటంతా విని ఒకటే అడిగింది. "ఆళ్లకి పిల్లకి ఎంతిత్తారంట్రా?"

నేను చేప గురించి చదివినన్ని రోజుల్లో పట్టేవాడి గురించి ఆ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు. ఈ గొలుసులో అందరికంటే తక్కువ ముట్టేది నీళ్లలో దిగినవాడికే. అమ్మకీ అంతే, పిల్లకి పైసల లెక్కన ఇచ్చేవాడు ఏజెంటు. గట్టు మీద బోర్లించిన బేసిన్ పాపం అమ్మది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మిగతావాటిని మళ్లీ నీళ్లలో వదలడానికి పట్టే సమయానికి ఎవరూ డబ్బివ్వలేదు. ఆ పని ఆగింది హేచరీ పిల్ల చవగ్గా, ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకడం మొదలయ్యాకే. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్య వచ్చాక టైగర్ సాగే మూలపడింది. అమ్మకి ఏటిలో వచ్చే డబ్బు పోయింది. తర్వాత హేచరీలో ట్యాంకులు కడిగే పనికి చేరింది.

అందుకే ఎవరైనా "ఫారంలో పుట్టిన చేపల్నే కొందాం, సమస్య తీరిపోతుంది" అంటే నేను సగమే ఒప్పుకుంటాను. బంగ్గాయ్ చేపని ఇప్పుడు పెద్ద ఎత్తున ఫారాల్లో పుట్టిస్తున్నారు, ముఖ్యంగా థాయ్‌లాండ్‌లో. సముద్రం మీద భారం తగ్గడం మంచిదే. కానీ మా అమ్మకి హేచరీ నడిచి వెళ్లే దూరంలో వచ్చింది. బంగ్గాయ్ దీవుల వాళ్లకి వేరే దేశంలో వచ్చింది. చేప వల్ల నాలుగు రూపాయలు వస్తున్నంతకాలం ఆ అర్చిన్ల దిబ్బని కాపాడుకోవడానికి వాళ్లకో కారణం ఉంటుంది. అది కూడా పోతే ఆ దిబ్బ ఎవరికి కావాలి?

దీనికి నాకు కనపడిన మంచి జవాబు బాలి ఉత్తర తీరంలోని లెస్ అనే ఊరు. అక్కడి జాలర్లు ఒకప్పుడు సైనైడ్‌తోనే రంగుచేపలు పట్టేవాళ్లు. పగడాలు చచ్చాయి, చేపలు తగ్గాయి, ఇంకా దూరం వెళ్లాల్సి వచ్చింది. 2000 ప్రాంతంలో సీసాలు పక్కన పెట్టి వలలతో పట్టడం నేర్చుకున్నారు. చచ్చిన దిబ్బల మీద కృత్రిమ దిబ్బలు దించారు. లిని అనే ఇండోనేషియా సంస్థ ఇప్పుడు అదే ఊళ్లో క్లౌన్ చేపల్నీ బంగ్గాయ్ చేపల్నీ పుట్టించడం నేర్పుతోంది. చేప పుట్టే చోటే హేచరీ, పట్టిన చేతులకే ఆ పని. ఫారం చేప అంటే నాకు కావలసింది ఇది. ఇలాంటి ఊరి నుంచి వలతో పట్టిన చేప వస్తే, రెట్టింపు ధరైనా పెట్టి కొనడానికి నాకు అభ్యంతరం లేదు.

పూర్తిగా నిషేధించాలనేవాళ్లు హవాయిని చూపిస్తారు. అక్కడ పసుపు ట్యాంగ్ చేపల్ని చేతి వలలతో పట్టేవాళ్లు, హవాయి పెద్ద దీవి పశ్చిమ తీరంలో మూడో వంతుకి పైగా భాగాన్ని 1999 చివరి నుంచే పట్టకుండా మూసేశారు. అయినా పర్యావరణ సమీక్ష లేకుండా అనుమతులిచ్చారని 2017లో అక్కడి సుప్రీంకోర్టు తప్పుబట్టింది. 2021 జనవరికల్లా వ్యాపారం కోసం పట్టడం మొత్తం ఆగింది. సమీక్ష అడగడం అక్కడి జనం హక్కు, దాన్ని నేను ప్రశ్నించను. కానీ కొంతైనా లెక్క ఉన్న చోట తలుపు మూసుకుని, ఏ లెక్కా లేని చోట తలుపు బార్లా తెరిచి ఉంది. కొనేవాడి డబ్బు రెండో తలుపు వైపే పోతుంది. ఆ గొడవల మధ్యే ఒక మంచి పని జరిగింది. 2015లో హవాయిలో పసుపు ట్యాంగ్‌ని, 2016లో ఫ్లోరిడాలో నీలం ట్యాంగ్‌ని మొదటిసారి ట్యాంకుల్లో పుట్టించి పెంచగలిగారు. ఏళ్ల తరబడి పిల్లలు చచ్చిపోతుంటే వదలకుండా చేసిన పని అది. (నీలం ట్యాంగ్ అడుగు పొడుగు దాకా పెరుగుతుంది. పిల్లలు అడిగారని మూడడుగుల ట్యాంకులోకి దయచేసి కొనకండి, అది ఎక్కడ పుట్టినదైనా సరే.)

సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా అంటే, అదీ ఒకసారి ప్రయత్నించారు. 1998లో మెరైన్ అక్వేరియం కౌన్సిల్ అని ఒక సంస్థ పెట్టారు. పట్టినవాడి నుంచి షాపు దాకా ప్రతి మజిలీకీ ప్రమాణాలు రాశారు, ఎక్కడా నూటికి ఒకటి మించి చావకూడదు అన్నారు. సుమారు పదేళ్లకే అది మూతపడింది. ముద్ర ఉన్న చేపలు తక్కువగా వచ్చాయి, వచ్చినవాటికి ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు దొరకలేదు. నాకు దీన్ని చూస్తే భీమవరం రైతే గుర్తొస్తాడు. రైతు ప్రశ్నలు అడిగేది ఎవరో ముద్ర వేశారని కాదు. పిల్ల తేడా అయితే నాలుగు నెలల పంట పోతుంది, అప్పు మిగులుతుంది. ఆ భయం వల్ల హేచరీ వాడికి జవాబు చెప్పక తప్పలేదు. మాకు, రంగుచేపలు కొనేవాళ్లకి, ఆ భయం లేదు. ఒకటి చస్తే ఇంకోటి కొంటాం. మా డబ్బున్నతనమే ఈ వ్యాపారాన్ని ఇలా ఉంచిందని నేను అనుకుంటున్నాను.

మన దేశానికి ఇది చేతకాని పనా అంటే, చేసి చూపించిందే కదా. వనామీ తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో వస్తాయి. దిగగానే చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైన్‌కి వెళ్తాయి. పరీక్షల్లో జబ్బు లేదని తేలాకే హేచరీకి వస్తాయి. ఏ పెట్టె ఎక్కడి నుంచి వచ్చి ఏ హేచరీకి వెళ్లిందో కాగితం మీద ఉంటుంది. రొయ్య వెనక కోట్ల వ్యాపారం ఉంది కాబట్టి చేశారు, నిజమే. చేయడం వచ్చని మాత్రం తేలింది. సముద్రపు రంగుచేపల్ని పుట్టించే విద్యా మన దగ్గరే ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ వాళ్లు మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్ చేపల్ని ఎప్పుడో పుట్టించి పద్ధతి అందరికీ నేర్పారు. ఇంకో కేంద్ర సంస్థ లక్షద్వీప్‌లోని అగత్తిలో ఆడవాళ్లకి ఈ పెంపకంలో శిక్షణ ఇచ్చారు. రొయ్య హేచరీ నడపడం వచ్చిన చేతులు మన తీరంలో ఉన్నన్ని దేశంలో ఇంకెక్కడా లేవంటాను. జబ్బులొచ్చి, రేట్లు పడిపోయి ఖాళీగా పడి ఉన్న షెడ్లు చూసినప్పుడల్లా, ఇందులో రెండు ట్యాంకులు క్లౌన్ చేపలకి ఇస్తే ఏం పోతుంది అనిపిస్తుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దిబ్బలు కట్టే రాతి పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 2001లో మొదటి షెడ్యూల్లో చేరాయి, అంటే పులితో సమానం. మొదటి షెడ్యూల్ జంతువుల విషయంలో తప్పు చేస్తే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అయినా "సార్, సీ హార్స్ వచ్చింది, లోపల పెట్టా, చూస్తారా" అని నన్నడిగిన షాపులున్నాయి. లోపల పెట్టాడంటేనే వాడికి తెలుసు. అలాంటి చోట క్లౌన్ చేప కూడా కొనకండి. ఆ షాపు వెనక ఉన్న దారి ఒకటే.

నేను ఇప్పుడు షాపులో అడిగేవి నాన్న షెడ్డులో విన్న ప్రశ్నలే. ఇది ట్యాంకులో పుట్టిందా, సముద్రంలో పట్టిందా? ట్యాంకులో "పెరిగింది" అంటే ఆగి మళ్లీ అడుగుతాను, ఎందుకంటే చిన్నప్పుడు సముద్రంలో పట్టి రెండు నెలలు పెంచినదాన్ని కూడా అలాగే అంటారు. ఏ ఊరి ఫారం? మీ దగ్గరికి ఏ తారీకున వచ్చింది? ఆ పెట్టెలో ఎన్ని వచ్చాయి, ఎన్ని మిగిలాయి? నా ఎదురుగా మేత వేయండి. కనీసం రెండు వారాలు మీ దగ్గర ఉంచండి, డబ్బు ఇప్పుడే ఇస్తాను. మొదట్లో చిరాకు పడ్డారు. ఒక షాపులో కుర్రాడు మాత్రం, "ఎవరూ అడగరన్నా, అందుకే నేనూ పైవాణ్ణి అడగను" అని నా ముందే సప్లయర్‌కి ఫోన్ కలిపాడు. ఫారం పేరు చెప్పడానికి అవతలివాడికి రెండు రోజులు పట్టింది. చెప్పాడు.

ఆ షాపులోనే 2021లో ఫారంలో పుట్టిన బంగ్గాయ్ జత కొన్నాను. ఫారం చేప అంటే అన్నీ బాగుంటాయని కాదు, వీటికి ఇరిడోవైరస్ అనే జబ్బు పెద్ద బెడద. అందుకే నెల రోజులు వేరే ట్యాంకులో ఉంచాను. మరుసటి ఏడు ఒక రోజు మగ చేప మేత దగ్గరికి రాలేదు. నాకు పాత భయం పట్టుకుంది. దగ్గరికి వెళ్లి చూస్తే దవడ కింద సంచిలా ఉబ్బి ఉంది. నోరు కొద్దిగా తెరిచి మూసినప్పుడల్లా లోపల నారింజ రంగు గుడ్లు దొర్లుతున్నాయి. ఆడది పక్కన కాపలా నిలబడింది. రోజూ ఆఫీసు నుంచి రాగానే అక్కడే కూర్చునేవాణ్ణి. నాలుగో వారంలో ఒక రాత్రి ఆ నోట్లోంచి నా వైపు చూస్తున్న చిన్న చిన్న కళ్లు కనపడ్డాయి. తండ్రి డొక్కలు అంటుకుపోయి ఉన్నాయి, అయినా మేత ముక్క మొహం మీదకి తేలి వచ్చినా నోరు తెరవలేదు.

పదిహేడు పిల్లలు బయటికొచ్చాయి. పద్నాలుగు బతికాయి. మూడు నెలలకి అందులో ఆరింటిని విజయవాడలో ఉన్న స్నేహితుడికి ఇవ్వాల్సి వచ్చింది. ఒక్కో కవర్లో ఒక్కటి చొప్పున కడుతూ నాన్నకి వీడియో కాల్ చేసి ఫోన్ ఎదురుగా ఆనించి పెట్టాను. ప్రతి కవరు మీదా మార్కర్‌తో రాశాను: పుట్టిన తేదీ, తల్లిదండ్రులు కొన్న ఫారం పేరు, తింటున్నది, ఆఖరి మేత వేసిన టైము, నీటి వేడి, ఉప్పు. నాన్న కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివాడు.

"రాత బానే ఉంది గానీ నీళ్లు ఎక్కువ పోశావు. సగం తీసెయ్. మూతి ఇంకో మెలిక తిప్పు. ఏదీ, కొట్టు."

కొట్టాను. మోగలేదు.

"విప్పు, మళ్లీ పట్టు" అన్నాడు.